పరికర సంభాషణ లైబ్రరీలలో దోషనివేదన: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటరు ప్రోగ్రాముకూ బాహ్య పరికరానికీ మధ్య సందేశాలను చేరవేసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు, సంభాషణ విఫలమైనప్పుడు ఆ సంగతిని పై అంచెకు ఏ రూపంలో తెలియజేయాలి? 1940ల చివర బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన రిలే యంత్రం మొదలుకొని నేటి లిబ్‌మోడ్‌బస్, లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీల వరకు ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆదేశం అందకపోవడం, అందినా పరికరం తిరస్కరించడం, ఫలితం తెలియకపోవడం అనే మూడు స్థితులను కలగాపులగం కాకుండా నిర్ణయాధికారి వరకు చేర్చడమే దోషనివేదన రూపకల్పనకు గీటురాయి అని ఈ వ్యాసం నిరూపించదలచింది.

కీలకపదాలు: దోషనివేదన, ఎర్రర్ కోడ్, ఎక్సెప్షన్, యూనిక్స్, మోడ్‌బస్, స్కిపీ, థెరాక్-25, ఏరియన్-5, లిబ్‌మోడ్‌బస్.

1. ఉపోద్ఘాతం

సాధారణ గణనలో దోషం చాలావరకు ప్రోగ్రాము పరిధిలోనే ఉంటుంది. ఒక లెక్క తప్పితే దాన్ని మళ్లీ చేయవచ్చు. లేని ఫైలును చదవబోతే బయటి ప్రపంచంలో ఏ మార్పూ రాకుండానే ప్రయత్నం ఆగిపోతుంది. పరికరంతో సంభాషించే ప్రోగ్రాము పరిస్థితి ఇలా ఉండదు. వాల్వును తెరవమని పంపిన ఆదేశానికి సమాధానం రానంత మాత్రాన వాల్వు మూసే ఉందని చెప్పడానికి వీల్లేదు. ఆదేశమే దారిలో పోయి ఉండవచ్చు. వాల్వు తెరుచుకున్నాక సమాధానం దారిలో పోయి ఉండవచ్చు. ప్రోగ్రాముకు ఈ రెండు సందర్భాలూ ఒకే రకమైన మౌనంగా కనిపిస్తాయి.

ఈ రెంటి మధ్య నిలిచేది లైబ్రరీ. తీగ మీద జరిగినదేమిటో దానికి తెలుసు, కానీ ఆ పరికరం ఏ పనికి వాడుతున్నారో తెలియదు. పనిని ఎరిగిన ప్రోగ్రాముకు తీగ కనిపించదు. కనుక లైబ్రరీ ఏ మాటలతో వైఫల్యాన్ని నివేదిస్తుందో, ప్రోగ్రాము తీసుకోగల నిర్ణయాలు కూడా వాటికే పరిమితమవుతాయి. మూడు స్థితులను ఇక్కడ వేరు చేసి చూడాలి. ఆదేశం పరికరానికి చేరలేదని రూఢిగా తెలిసినది మొదటిది. దీనిని ‘అందనిది’ అనవచ్చు. పరికరం ఆదేశాన్ని అందుకుని, తాను చేయలేదని చెప్పినది రెండవది, ఇది ‘తిరస్కృతం’. జరిగిందో లేదో తెలియనిది మూడవది, ఇది ‘అనిశ్చితం’. దోషనివేదన చరిత్రను ఈ మూడింటి దృష్టితో చదివితే, విడివిడి సాంకేతిక ఉపాయాలుగా కనిపించే ఘట్టాల మధ్య సంబంధం బయటపడుతుంది.

2. ఆగిపోయే యంత్రం, తేరుకునే యంత్రం

రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో రిచర్డ్ హామింగ్ ఉపయోగించిన మోడల్-5 రిలే కంప్యూటరు, తన అంకెలలో దోషాన్ని గుర్తించగలిగేది. పనివేళల్లో అయితే దీపాలు వెలిగి, ఆపరేటరు వచ్చి సరిచేసేవాడు. వారాంతాలలో మనుషులు లేనప్పుడు యంత్రం ఆ పనిని వదిలేసి తరువాతి పనికి వెళ్లిపోయేది. దోషం ఉందని కనిపెట్టగల యంత్రం దాని స్థానాన్ని కూడా కనిపెట్టి ఎందుకు దిద్దుకోలేదన్న హామింగ్ అసహనం నుంచి 1950లో బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్‌లో వెలువడిన దోషశోధక, దోషనివారక సంకేతాల సిద్ధాంతం పుట్టింది. ఆ సిద్ధాంతం అంకెల దోషాన్ని కింది అంచెలోనే దిద్దే మార్గం చూపింది. కింద దిద్దలేని దోషాన్ని ఎవరికి, ఎలా చెప్పాలన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

1969 జూలై 20న అపోలో-11 చంద్రుని మీద దిగుతున్న నిమిషాలలో ఈ ప్రశ్న ప్రత్యక్షంగా ఎదురైంది. రెండెవూ రాడార్‌కూ కంప్యూటరుకూ మధ్య ఉన్న అనుసంధానం నుంచి అనవసరమైన సంకేతాలు వచ్చిపడి, కంప్యూటరు సమయంలో గణనీయమైన భాగాన్ని హరించాయి. పనులకు కేటాయించే జ్ఞాపకస్థలం చాలక 1202, ఆ తరువాత 1201 అనే హెచ్చరికలు తెరపైకి వచ్చాయి. సాఫ్ట్‌వేర్ తనను తాను పునఃప్రారంభించుకుని, ప్రాధాన్యం తక్కువైన పనులను విడిచిపెట్టి, అవతరణకు అవసరమైన గణనను నిలబెట్టుకుంది.

వ్యోమగాములకు ఆ సంఖ్యల అర్థం తెలియదు. అంతకుముందు జరిగిన ఒక అభ్యాసంలో ఇటువంటి హెచ్చరికే ఎదురవడంతో, హ్యూస్టన్ నియంత్రణకేంద్రంలో జాక్ గార్మన్ హెచ్చరిక సంకేతాల పట్టికను చేతిరాతతో సిద్ధం చేసి ఉంచుకున్నాడు. ఆ పట్టిక ఆధారంగా స్టీవ్ బేల్స్ అవతరణను కొనసాగించవచ్చని చెప్పగలిగాడు. ఇక్కడ యంత్రం స్వయంగా తేరుకుంది, తేరుకున్న సంగతిని దాచలేదు, ఆ సంకేతం అర్థం నిర్ణయం తీసుకునేవారికి సకాలంలో అందింది. ఈ మూడింటిలో చివరిది సాఫ్ట్‌వేర్ వల్ల కాక, ఒక కాగితం వల్ల సాధ్యపడింది.

3. యూనిక్స్: ఒకే సంఖ్యలో ఒదిగిన వైఫల్యం

అదే 1969లో బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్, పరికరాలను కూడా ఫైళ్లలాగానే చూపించింది. టెర్మినల్ అయినా, టేపు అయినా, డిస్కు అయినా తెరవడం, చదవడం, రాయడం అనే అవే పిలుపులతో వ్యవహరించవచ్చు. ఈ ఏకరూపత యూనిక్స్ విజయానికి ఒక ముఖ్య కారణం. అయితే వైఫల్యాలు కూడా ఏకరూపమయ్యాయి. పిలుపు విఫలమైతే -1 తిరిగి వస్తుంది. కారణం ‘ఎర్‌నో’ అనే చలరాశిలో ఒక పూర్ణాంకంగా ఉంటుంది. టేపు తెగినా, డిస్కు మీద గీత పడినా, తీగలో అంతరాయం కలిగినా ప్రోగ్రాముకు అందేది చాలా సందర్భాలలో 5వ సంఖ్య, అంటే ‘ఇన్‌పుట్-అవుట్‌పుట్ దోషం’ అనే పొడి మాట మాత్రమే.

25వ సంఖ్య చరిత్ర మరింత బోధప్రదం. టెర్మినల్‌కు మాత్రమే వర్తించే పిలుపును వేరొక దాని మీద ప్రయోగిస్తే ‘ఇది టైప్‌రైటర్ కాదు’ అన్న అర్థంలో ఆ సంకేతం వచ్చేది. ప్రామాణిక ఇన్‌పుట్-అవుట్‌పుట్ లైబ్రరీ తొలిసారి రాసేటప్పుడు ఎదురుగా ఉన్నది టెర్మినలా కాదా అని లోలోపల పరీక్షించేది. కాకపోతే 25 ఎర్‌నోలో మిగిలిపోయేది. తరువాత పూర్తిగా వేరే కారణంతో ఏదైనా విఫలమై, ప్రోగ్రాము అజాగ్రత్తగా ఎర్‌నోను ముద్రిస్తే, ఏ సంబంధమూ లేని టైప్‌రైటర్ ప్రస్తావన తెర మీదకు వచ్చేది. దోషకారణాన్ని ఫలితంతో జతచేయకుండా అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక చోట వదిలిపెట్టడం వల్ల కలిగే నష్టానికి ఇది నిదర్శనం. ఒక దోషం మరొక దోషాన్ని చెరిపివేయగలదు. పాత దోషం కొత్తదానిగా చలామణీ కాగలదు.

4. సిద్ధాంత చర్చ: అంచెలు, భాష, బాధ్యత

1970ల మధ్యకాలంలో దోషనిర్వహణ స్వతంత్ర పరిశోధన విషయంగా రూపుదిద్దుకుంది. 1975లో జాన్ గుడెనఫ్ ఎక్సెప్షన్లను వర్గీకరించి, వాటికి ప్రోగ్రామింగ్ భాషలో ఒక సంకేతపద్ధతిని ప్రతిపాదించాడు. 1976లో డేవిడ్ పార్నాస్, హరాల్డ్ వ్యుర్గెస్ అవాంఛిత సంఘటనలకు వ్యవస్థలు స్పందించవలసిన తీరును చర్చించారు. అంచెలుగా నిర్మించిన వ్యవస్థలో దోషం పైకి వెళ్లేటప్పుడు, ప్రతి అంచె దానిని తన పై అంచెకు అర్థమయ్యే భాషలోకి మార్చి చెప్పాలి అన్నది వారి వాదసారం. కింది అంచె అంతరంగ వివరాలు యథాతథంగా పైకి పొక్కితే ఆ అంచెలను విడదీసిన ప్రయోజనమే పోతుంది.

ఈ వాదాన్ని పరికర లైబ్రరీలకు అన్వయించినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. ప్రతి అనువాదంలోనూ కొంత అర్థం జారిపోతుంది. సీరియల్ పోర్టు చెప్పిన కారణాన్ని ‘పంపు స్పందించలేదు’ అని అనువదిస్తే పై అంచెకు సుబోధమే కానీ, తీగ ఊడిందా, వేగం తప్పుగా అమర్చారా అన్నది మరమ్మతుకు వచ్చినవారికి తెలియదు. కాబట్టి అనువాదంతో పాటు మూలాన్ని కూడా జతపరచి పంపాలి. మూలకారణాన్ని కొత్త దోషంలో గొలుసుగా ఇమిడ్చే పద్ధతి తరువాతి భాషలలో స్థిరపడడానికి హేతువు ఇదే.

బార్బరా లిస్కోవ్, అలన్ స్నైడర్ 1979లో వివరించిన సీఎల్‌యూ భాషలో, ఒక ప్రక్రియ ఏయే ఎక్సెప్షన్లను లేవనెత్తగలదో దాని శీర్షికలోనే ప్రకటించాలి. వాటిని పట్టించుకోవలసిన బాధ్యత పిలిచినవారిదే. పట్టించుకోని ఎక్సెప్షన్ పేరు మార్చుకోకుండా ఎంత దూరమైనా పాకిపోదు, సాధారణ ‘వైఫల్యం’గా మారుతుంది. జావా భాషలోని తనిఖీ చేసే ఎక్సెప్షన్లలో ఈ ఆలోచన ఛాయ కనిపిస్తుంది. 2015లో తొలి స్థిరరూపం పొందిన రస్ట్ భాష ఫలితాన్నీ దోషాన్నీ ఒకే రకంలో పొందుపరచి, దానిని ఉపేక్షిస్తే కంపైలరు హెచ్చరించేలా చేసింది.

భాష ఎంత మెరుగైనా తీరని సమస్య ఒకటుంది. నమ్మదగని మార్గంలో ఎన్ని సందేశాలు ఇచ్చిపుచ్చుకున్నా ఇరుపక్షాలకూ సమానమైన నిశ్చయం కలగదని అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్ 1975లో చూపారు. జిమ్ గ్రే 1978లో దీనికి ఇద్దరు సేనానుల కథ రూపం ఇచ్చాడు. అనిశ్చిత స్థితి సంభాషణ స్వభావంలోనే ఉన్నదని, దానిని పూర్తిగా తొలగించలేమని ఇది తెలుపుతుంది. లైబ్రరీకి మిగిలిన మార్గం దానిని దాని పేరుతోనే నివేదించడం.

5. పరికరాల భాషలో తిరస్కారం

పారిశ్రామిక నియంత్రణ పరికరాల కోసం మోడికాన్ సంస్థ 1979లో ప్రకటించిన మోడ్‌బస్ ప్రోటోకాల్, తిరస్కారానికీ మౌనానికీ స్పష్టమైన భేదాన్ని పాటించింది. స్లేవ్ పరికరం ఆదేశాన్ని చేయలేకపోతే, ఆదేశసంఖ్యకు 128 కలిపి, దాని వెంట ఒక కారణసంఖ్యను పంపుతుంది. అనుమతి లేని ఆదేశానికి 1, లేని చిరునామాకు 2, చెల్లని విలువకు 3, పరికర వైఫల్యానికి 4. సీరియల్ మార్గంలో వచ్చిన సందేశం దారిలో చెడిందని సీఆర్‌సీ పరీక్షలో తేలితే మాత్రం పరికరం అసలు బదులివ్వదు. చెడిన సందేశంలోని చిరునామాను కూడా నమ్మలేం కనుక ఈ మౌనం సహేతుకం. అప్పుడు మాస్టర్ గడువు ముగిసే వరకు వేచి చూడవలసిందే.

ఈ విభజన పైకి కనిపించినంత సరళం కాదు. 5వ సంఖ్య ఎక్సెప్షన్ రూపంలో వచ్చినా దోషం కాదు. పని స్వీకరించాను, సమయం పడుతుంది అని దాని అర్థం. 11వ సంఖ్యను గేట్‌వే పంపుతుంది. అవతల ఉన్న పరికరం తనకు స్పందించలేదని చెబుతుంది. రూపంలో ఇది తిరస్కారం, సారంలో అనిశ్చితం. అవతలి పరికరం ఆదేశాన్ని అమలు చేసి ఉండవచ్చు, దాని సమాధానమే గేట్‌వేకు చేరకపోయి ఉండవచ్చు. 4వ సంఖ్య కూడా పని చేయబోతుండగా కలిగిన వైఫల్యాన్ని సూచిస్తుంది. ఎంతవరకు జరిగి ఆగిందో చెప్పదు. ఎక్సెప్షన్ సమాధానాలన్నిటినీ ‘తిరస్కృతం’ అనే ఒకే గాటన కట్టే లైబ్రరీ ఇక్కడ పొరబడుతుంది.

ప్రయోగశాల కొలత పరికరాల రంగంలో మరొక సంప్రదాయం ఎదిగింది. 1987 నాటి ఐఈఈఈ 488.2 ప్రమాణం ఆదేశదోషం, అమలుదోషం, పరికరసంబంధ దోషం, ప్రశ్నదోషం అనే నాలుగింటికి స్థితి రిజిస్టరులో వేరువేరు బిట్లను కేటాయించింది. 1990లో వచ్చిన స్కిపీ ప్రమాణం ఈ వర్గాలకు -100, -200, -300, -400 శ్రేణులలో సంఖ్యలనూ వాటి వెంట మనిషి చదవగల పదబంధాలనూ ఇచ్చింది. దోషాలు ఒకదానినొకటి చెరపకుండా పరికరంలోనే వరుసలో నిలుస్తాయి. ముందు వచ్చినది ముందు బయటికి వస్తుంది. వరుస నిండిపోతే ఆ సంగతిని తెలిపే సంఖ్య (-350) చివర చేరుతుంది. యూనిక్స్ ఎర్‌నోలో లోపించిన వరుసక్రమం ఇక్కడ లభించింది. కొన్ని దోషాలు నమోదు కాలేదన్న సంగతి కూడా నమోదవుతుంది.

6. రెండు విషాదాలు

దోషనివేదన లోపిస్తే జరిగే హానికి 1985-87 మధ్య అమెరికా, కెనడాలలో థెరాక్-25 రేడియేషన్ చికిత్సాయంత్రం వల్ల సంభవించిన ఆరు ప్రమాదాలు తీవ్రమైన ఉదాహరణ. నాన్సీ లెవిసన్, క్లార్క్ టర్నర్ 1993లో వీటిపై సమగ్ర పరిశీలన ప్రచురించారు. ఆ యంత్రం వైఫల్యాన్ని ‘మాల్‌ఫంక్షన్’ అన్న మాటతోనూ ఒక సంఖ్యతోనూ తెలిపేది. ఆపరేటర్లకు ఇచ్చిన కరదీపికలో ఆ సంఖ్యలకు వివరణ లేదు. చిన్నాచితకా దోషాలు తరచుగా వస్తుండడం వల్ల ఒక మీట నొక్కి చికిత్స కొనసాగించడం ఆపరేటర్లకు అలవాటైంది. ఆ మీటను ఐదుసార్ల వరకు యంత్రం అనుమతించేది.

1986 మార్చిలో టెక్సస్ రాష్ట్రం టైలర్ పట్టణంలో ‘మాల్‌ఫంక్షన్ 54’ కనిపించింది. 202 యూనిట్లు కోరితే 6 మాత్రమే అందినట్లు తెర చూపింది. మోతాదు తక్కువైందనుకున్న ఆపరేటరు కొనసాగింపు మీట నొక్కారు. వాస్తవంలో రోగి శరీరంపై అప్పటికే విపరీతమైన మోతాదు పడింది. కొన్ని నెలల తరువాత అతడు మరణించాడు. 54 అంటే అందిన మోతాదు మరీ ఎక్కువో మరీ తక్కువో అని తరువాత వెల్లడైంది. ప్రాణం తీసే స్థితినీ నిరపాయ స్థితినీ ఒకే సంఖ్య మోసింది. అది అనిశ్చిత స్థితి. దానిని మళ్లీ ప్రయత్నించదగిన చిన్న ఆటంకంగా యంత్రం చూపించింది. మూలదోషం వేగంగా జరిగిన డేటా సవరణల మధ్య సమన్వయలోపం. అదే లోపం ఉన్న అంతకుముందరి థెరాక్-20లో విడిగా ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు అటువంటి ప్రమాదాన్ని అడ్డుకున్నాయి. 25లో ఆ భారాన్ని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు.

1996 జూన్ 4న ఏరియన్-5 తొలి ప్రయోగం మరొక కోణాన్ని చూపింది. జడత్వ దిశాసూచక వ్యవస్థలో 64 బిట్ల దశాంశసంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోగా అది ఇమడక ఎక్సెప్షన్ లేచింది. పాత ఏరియన్-4 అవసరం కోసం ఉంచిన ఆ గణనకు ఏరియన్-5 నింగికెగసిన తరువాత ప్రయోజనమే లేదు. ఎక్సెప్షన్ వస్తే స్థితిని నమోదు చేసి ప్రాసెసర్ ఆగిపోవాలన్నది రూపకల్పన నియమం. అదే సాఫ్ట్‌వేర్ నడుస్తున్న ప్రత్యామ్నాయ వ్యవస్థ, ప్రధాన వ్యవస్థ రెండూ ఒకే కారణంతో ఆగిపోయాయి. తరువాత ప్రధాన కంప్యూటరుకు వెళ్లిన నిర్ధారణ సమాచారాన్ని ఆ కంప్యూటరు ప్రయాణ సమాచారంగా భావించి రాకెట్టు దిశను తీవ్రంగా మళ్లించింది. ఇంజను మండిన సుమారు 37 సెకన్లకు మొదలైన ఆ మలుపుతో వాహనం ధ్వంసమైంది. జాక్-లూయీ లియాన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం ఈ క్రమాన్ని అదే ఏడాది నిర్ధారించింది. దోషం ఇక్కడ మాయం కాలేదు. విలువ వేషంలో ప్రయాణించింది. విలువ వచ్చే దారిలోనే దోషం కూడా వస్తే, రెండింటినీ వేరు చేసే గుర్తును స్వీకర్త తప్పక పరీక్షించేలా ఒప్పందం ఉండాలని ఈ ఘటన నిరూపించింది.

7. నేటి లైబ్రరీలు: సంకేతమూ అధికారమూ

ఈ చరిత్రకు వారసులైన నేటి లైబ్రరీలలో, మోడ్‌బస్ సంభాషణ కోసం సీ భాషలో రాసిన లిబ్‌మోడ్‌బస్ పరిశీలించదగినది. అది యూనిక్స్ సంప్రదాయాన్ని అనుసరించి -1 తిప్పి పంపి, కారణాన్ని ఎర్‌నోలో ఉంచుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ సంఖ్యలతో ఘర్షణ రాకుండా తన సొంత సంఖ్యలను 112345678 అనే యాదృచ్ఛికమైన పెద్ద సంఖ్య మీద మొదలుపెట్టింది. కాబట్టి అనుమతి లేని ఆదేశం 112345679 అవుతుంది. సీఆర్‌సీ తప్పిన సమాధానానికి వేరే సంఖ్య ఉంది. గడువు ముగియడానికి ఆపరేటింగ్ సిస్టమ్ సంఖ్యే వస్తుంది. దీనివల్ల పరికరం చెప్పిన తిరస్కారం, చెడిన సమాధానం, మౌనం మూడూ వేరువేరుగా పైకి చేరతాయి. సంకుచితమైన పాత పాత్రలోనే అవసరమైన భేదాలను నిలిపిన నేర్పు ఇది. అయితే ఎర్‌నోలో ఒక్క సంఖ్యకే చోటు ఉన్నందున, ఏ పరికరానికి, ఏ ఆదేశం పంపినప్పుడు వచ్చిందన్న సందర్భాన్ని ప్రోగ్రామే గుర్తుంచుకోవాలి.

యూఎస్‌బీ పరికరాల కోసం వాడే లిబ్‌యూఎస్‌బీ మరొక సూక్ష్మాన్ని పాటించింది. బల్క్ బదిలీలో గడువు ముగిసిందని చెప్పినా, అప్పటికి ఎన్ని బైట్లు బదిలీ అయ్యాయో విడిగా తెలుపుతుంది. గడువు ముగిసిందంటే ఏదీ బదిలీ కాలేదని భావించవద్దని దాని పత్రాలు హెచ్చరిస్తాయి. దోషమూ పాక్షిక ఫలితమూ ఒకేసారి నిజం కావచ్చన్న గుర్తింపు ఇందులో ఉంది. ఫలితం, దోషం అనే రెండింటిలో ఒకటే ఉంటుందని భావించే భాషానిర్మాణాలను పరికర లైబ్రరీలు వాడుకునేటప్పుడు, పాక్షిక ఫలితానికి దోషవస్తువులోనే చోటు కల్పించవలసి ఉంటుంది.

నివేదనతో పాటు అధికార ప్రశ్న కూడా తలెత్తుతుంది. దోషం వచ్చినప్పుడు లైబ్రరీ తనంతట తాను తిరిగి ప్రయత్నించవచ్చా? కౌటిల్యుని అర్థశాస్త్రం దూతలను నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు అని మూడు తరగతులుగా విభజించింది. మొదటివాడికి పూర్తి అధికారం ఉంటుంది. రెండవవాడి అధికారం నిర్దిష్ట కార్యానికి పరిమితం. మూడవవాడు శాసనాన్ని చేరవేస్తాడు. లిబ్‌మోడ్‌బస్ సహజస్థితిలో శాసనహరుని వంటిది, దోషాన్ని తెలిపి ఊరుకుంటుంది. ప్రోగ్రాము కోరితే తెగిన సంబంధాన్ని తిరిగి కలిపే అధికారాన్నీ, అర్థం కాని సందేశాలను తుడిచివేసి మార్గాన్ని శుభ్రపరిచే అధికారాన్నీ వేరువేరుగా, లేదా రెండూ కలిపి ఇవ్వవచ్చు. అధికారాన్ని యజమాని స్పష్టంగా ప్రదానం చేయాలన్న ఈ క్రమం సముచితమైనది.

ఎందుకంటే పునఃప్రయత్నం క్షేమమా కాదా అన్నది ఆదేశం అర్థాన్ని బట్టి తేలుతుంది. ఉష్ణోగ్రత పరిమితిని 50గా ఉంచమన్న ఆదేశాన్ని రెండుసార్లు పంపినా ఫలితం ఒకటే. మోటారును 10 అడుగులు ముందుకు జరపమన్న ఆదేశాన్ని అనిశ్చిత స్థితిలో మళ్లీ పంపితే మోటారు 20 అడుగులు జరగవచ్చు. తీగను మాత్రమే ఎరిగిన లైబ్రరీ ఈ భేదాన్ని గ్రహించలేదు. కనుక అది రూపొందించే దోషవస్తువులో మూడు స్థితులలో ఏది ఏర్పడిందో, ఏ పరికరానికి ఏ ఆదేశం పంపారో, ఎంత బదిలీ అయిందో, కింది అంచె చెప్పిన మూలకారణమేమిటో ఉండాలి. నిర్ణయాన్ని పనిని ఎరిగిన అంచెకు వదలాలి.

8. ముగింపు

హామింగ్ యంత్రం దోషాన్ని దిద్దే దిశగా, అపోలో దానిని తట్టుకునే దిశగా, యూనిక్స్ దానిని క్లుప్తంగా చెప్పే దిశగా, మోడ్‌బస్, స్కిపీ దానిని వర్గీకరించే దిశగా సాగాయి. ఈ క్రమంలో సంకేతాల సంఖ్య పెరగడం కంటే, ఏ భేదాలు పై అంచెకు చేరాయన్నదే ఫలితాలను నిర్ణయించింది. 1202 సంకేతం అర్థం నిర్ణయాధికారి చేతిలో ఉండడం వల్ల అవతరణ సఫలమైంది. 54వ సంకేతం అర్థం ఆపరేటరుకు అందకపోవడం ఒక మనిషి మరణానికి దారితీసింది. రెండూ చూడడానికి అంకెలే.

అనిశ్చిత స్థితిని అందనిదానిగానో తిరస్కృతంగానో కుదించడం ప్రోగ్రాము రాసేవారికి సులువు. పరికరం దగ్గర నిలబడిన మనిషికి అది ప్రమాదకరం. నియంత్రణ వ్యవస్థలు ఆసుపత్రులలోకి, నీటి సరఫరాలోకి, విద్యుత్ పంపిణీలోకి విస్తరిస్తున్న కాలంలో, ఫలితం తెలియనప్పుడు తెలియదని చెప్పగల లైబ్రరీని రూపొందించడం కార్యక్రమ సౌలభ్యానికి మించిన బాధ్యత. ఆ బాధ్యతను ఏ మేరకు నెరవేర్చారన్నదాన్ని బట్టే పరికర లైబ్రరీల దోషనివేదనను విలువకట్టాలి.